పైలట్ ఉద్యోగం: ఏది ముందు, ఏది తర్వాత

(ప్రసంగం రికార్డింగ్ విని రాసిన పాఠం. రాలేకపోయినవాళ్ల కోసం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లకు వినపడుతోందా? సరే, మైకు కాస్త దగ్గరగా పెట్టుకుంటాను. తల్లిదండ్రులు కూడా కొందరు వచ్చారు, చాలా సంతోషం. ఈ చదువులో డబ్బు పెట్టేది ఒకరు, విమానం నడిపేది ఇంకొకరు. ఇద్దరూ ఒకే మాట వినడం మంచిది.

పైలట్ కావాలంటే ఏమేం చేయాలో ఇప్పుడు ఎవరినడిగినా చెబుతారు. మెడికల్, గ్రౌండ్ పరీక్షలు, ఎగరాల్సిన గంటలు, లైసెన్సు, టైప్ రేటింగ్ (ఒక్కో రకం పెద్ద విమానానికి విడిగా తీసుకునే అర్హత). జాబితా అందరికీ తెలుసు. నేను మాట్లాడేది వరస గురించి. ఏది ముందు, ఏది తర్వాత. మెడికల్ కాకుండానే ఫీజు కట్టేస్తారు. ఎక్కడ ఉద్యోగం చేయాలో తేలకుండానే ఎక్కడిదో లైసెన్సు తీసుకుంటారు. చేతిలో ఉద్యోగం లేకుండానే టైప్ రేటింగ్ కొనేస్తారు. చేసిన పని ఏదీ తప్పు కాదు. చేసిన వేళ తప్పు. డబ్బు పోయేది అక్కడే.

మొట్టమొదటిది క్లాస్ 1 మెడికల్. మొట్టమొదటిది అంటే నిజంగానే మొట్టమొదటిది. స్కూలు చూడ్డానికి వెళ్లకముందే, అప్పు కోసం బ్యాంకుకు వెళ్లకముందే. ఎందుకంటే, క్లాస్ 2 మెడికల్‌తో శిక్షణ మొదలుపెట్టొచ్చు, సోలో, అంటే ఒంటరిగా, కూడా ఎగరొచ్చు. కానీ జీతం తీసుకుని విమానం నడపాలంటే క్లాస్ 1 ఉండి తీరాలి. వంద గంటలు ఎగిరాక క్లాస్ 1కి వెళ్లి, అక్కడ రంగుల పరీక్షలో ఆగిపోతే? ఆ వంద గంటల డబ్బు ఎవరిస్తారు?

అందులో ఏం చూస్తారు? ఐకావో, అంటే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, కొన్ని ప్రమాణాలు పెట్టింది. దేశాలు తమ నియమాలు వాటి మీదే రాసుకుంటాయి. దూరపు చూపు ఒక్కో కంటికి విడివిడిగా 6/9, రెండు కళ్లకూ కలిపి 6/6 ఉండాలి. అద్దాలతో ఉన్నా చాలు. అద్దాలున్నవాళ్లు పైలట్లు కాలేరన్న మాట ఇంకా వినపడుతూనే ఉంది, అది నమ్మకండి. అద్దాలు పెట్టుకునే నడపొచ్చు, కాకపోతే ఇంకో జత చేతికందేలా ఉంచుకోవాలి. వినికిడి ఒక్కో చెవికీ విడిగా చూస్తారు. 500, 1000, 2000 హెర్ట్జ్‌ల దగ్గర లోపం 35 డెసిబెల్స్ దాటకూడదు, 3000 దగ్గర 50 దాటకూడదు. గుండెకు ఈసీజీ, రక్తం, మూత్రం, రక్తపోటు, మానసిక ఆరోగ్యం, ఇవన్నీ ఉంటాయి. రంగులకు మొదట చుక్కల పలకలు చూపిస్తారు. అందులో తప్పినంత మాత్రాన కథ అయిపోలేదు, రంగు దీపాలు చూపించి అడిగే లాంతరు పరీక్షలాంటివి ఇంకా ఉన్నాయి. అవి కూడా అయ్యాక నిర్ణయం తీసుకోండి, కానీ ఫీజు కట్టకముందే తీసుకోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పాత ఆపరేషన్, చిన్నప్పటి ఆస్తమా, వాడుతున్న మందు, ఏదీ దాచకండి. కాగితాలన్నీ పట్టుకెళ్లండి. చాలా సమస్యలకు అదనపు పరీక్షలతో దారి దొరుకుతుంది. దాచింది తర్వాత బయటపడితే మాత్రం మెడికల్‌తో పాటు మీ మాట మీద నమ్మకమూ పోతుంది. ఈ వృత్తిలో ఆ రెండోది తిరిగి సంపాదించడం చాలా కష్టం.

రెండోది, ఎక్కడ పనిచేస్తారు? ఇది స్కూలు ఎంచుకోకముందే తేలాలి. లైసెన్సు ఒక దేశానిది, ఉద్యోగం ఇంకో దేశంలో అయితే మార్పిడి చేయించుకోవాలి. మార్పిడి అంటే మళ్లీ కొన్ని పరీక్షలు, ఆ దేశపు మెడికల్, చెక్ ఫ్లైట్ (ఎగ్జామినర్ ముందు ఎగిరి చూపించడం). పైగా ఆ దేశంలో పనిచేసే హక్కు మీకుందా? వాతావరణం బాగుందనో, త్వరగా అయిపోతుందనో ఎక్కడికో వెళ్లడం తప్పు కాదు. మార్పిడికి పట్టే నెలలూ, అయ్యే ఖర్చూ మొదటి లెక్కలోనే రాసుకోండి. రాసుకున్నాక కూడా లాభమే అయితే వెళ్లండి.

ఇప్పుడు స్కూలు. విమానాల ఫొటోలు, యూనిఫాం, హాస్టల్ గది చూసి మురిసిపోకండి. అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పోయిన నెల మీ విమానాలన్నీ కలిపి ఎన్ని గంటలు ఎగిరాయి? ఎగిరే దశలో ఉన్న విద్యార్థులు ఎంతమంది? ఈ రెండు అంకెలు చాలు. 400 గంటలు, 50 మంది అనుకుందాం. మనిషికి నెలకు 8 గంటలు. 200 గంటలకు ఎంతవుతుంది? 25 నెలలు. ఏడాదిలో పూర్తి చేయిస్తామని బ్రోషర్‌లో రాసి ఉన్నా సరే, 25 నెలలే. రాసుకుంటున్నవాళ్లు ఈ లెక్క రాసుకోండి, ఏ స్కూల్లోనైనా పనికొస్తుంది.

ఆలస్యం అయితే ఏమవుతుంది, నెమ్మదిగా నేర్చుకుంటాడు కదా అని తల్లిదండ్రులు అనుకోవచ్చు. అలా కాదండీ. వారానికి మూడు నాలుగుసార్లు ఎగిరేవాడు నేర్చుకున్నదాని మీద ఇంకోటి నేర్చుకుంటాడు. మూడు వారాలకోసారి ఎగిరేవాడు ప్రతిసారీ పోయినసారి పాఠమే మళ్లీ నేర్చుకుంటాడు. గంటలు అయిపోతాయి, పాఠం ముందుకు పోదు. మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

ఇంకో రెండు విషయాలు అడగండి. విమానం పాడైతే బాగుచేసేది అక్కడేనా, బయటికి పంపుతారా? చెక్ చేసే ఎగ్జామినర్ కోసం ఎన్నాళ్లు ఆగాలి? ఇక మొత్తం ఫీజు ఒకేసారి కట్టమంటే, తగ్గింపు ఇస్తామన్నా వద్దు. దశలవారీగా కట్టండి. ఫ్లయింగ్ స్కూళ్లు మూతపడటం చాలా చోట్ల జరిగింది. ముందే కట్టినవాళ్ల డబ్బు తిరిగి రావడం దాదాపు కల్ల.

గ్రౌండ్ సబ్జెక్టుల గురించి ఎక్కువ చెప్పను. ఎయిర్ లా, వాతావరణం, నావిగేషన్, విమానం పనితీరు, బరువు-బ్యాలెన్సు, ఇంజిన్, పరికరాలు, మనిషి సామర్థ్యం, రేడియో. పాత ప్రశ్నలు బట్టీ పట్టి పాసవ్వొచ్చు, అయినవాళ్లు ఉన్నారు. కానీ ఇంటర్వ్యూలో అవే ప్రశ్నలు ఎందుకు, ఎలా అని తిరిగొస్తాయి. వేడి రోజున టేకాఫ్‌కు ఎక్కువ రన్‌వే ఎందుకు కావాలి? గాలి పలచబడితే రెక్కకూ, ప్రొపెల్లర్‌కూ, ఇంజిన్‌కూ మూడింటికీ బలం తగ్గుతుంది కాబట్టి. అలా మూడు ముక్కల్లో చెప్పగలగాలి.

ఇంగ్లిషు కూడా ఇక్కడే చెప్పేస్తాను. అంతర్జాతీయంగా ఎగరాలంటే ఐకావో లెవెల్ 4 కనీసం. లెవెల్ 4 వస్తే మూడేళ్లకోసారి, లెవెల్ 5 వస్తే ఆరేళ్లకోసారి మళ్లీ పరీక్ష. లెవెల్ 6కి మళ్లీ అక్కర్లేదు. యాస గురించి భయపడకండి. అవతలివాడికి అర్థం కావడమే ముఖ్యం.

సరే, ఇక విమానం దగ్గరకు వద్దాం. ఎగరకముందు చుట్టూ తిరిగి చూస్తాం కదా, అందులో ఒక్క పని దగ్గరగా చూపిస్తాను. ఇంధనం నమూనా తీయడం. చిన్న పిస్టన్ విమానాల్లో ఎక్కువగా వాడేది 100 ఎల్ఎల్ అనే విమాన పెట్రోలు, లేత నీలం రంగులో ఉంటుంది. ట్యాంకు అడుగునుంచి ప్లాస్టిక్ గొట్టంలోకి కొంచెం తీసి వెలుతురుకు ఎత్తి చూడాలి. నీళ్లు బరువు కాబట్టి అడుగున చేరతాయి. పైన నీలం, కింద రంగులేని గీత కనపడుతుంది. ఇది అందరికీ నేర్పుతారు. మరి ఆ గొట్టం నిండా నీళ్లే వస్తే? అప్పుడు గీత ఉండదు. అంతా ఒకటే రంగు, చక్కగా, శుభ్రంగా కనపడుతుంది. కొత్తవాళ్లు బాగానే ఉందనుకుని వెళ్లిపోతారు. కాబట్టి గీత లేదు అని చూడటం చాలదు. రంగు నీలంగా ఉందా, వాసన పెట్రోలు వాసనేనా, వేలికి తగిలించగానే ఆరిపోతోందా చూడాలి. రాత్రి వాన పడ్డాక ట్యాంకు మూత సరిగా లేకపోతే ఇదే జరుగుతుంది. ఇంజిన్ నేలమీద బాగానే తిరుగుతుంది, టేకాఫ్ అయ్యాక ఆగిపోతుంది.

తర్వాత ల్యాండింగ్. విద్యార్థులు ఎక్కువ రోజులు ఆగిపోయేది ఇక్కడే, అందుకని కొంచెం నిలబడి మాట్లాడుకుందాం. సెస్నా 172 లాంటి విమానాన్ని ఫైనల్‌లో, అంటే రన్‌వేకు ఎదురుగా దిగే చివరి దారిలో, 65 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) దగ్గర తీసుకొస్తాం. భయంతో 75 పట్టుకుంటారు. పది నాట్లేగా? వేగం 15 శాతం పెరిగింది, కానీ చలనశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది 33 శాతం పెరిగింది. ఆ శక్తి ఎక్కడికి పోవాలి? విమానం దిగకుండా రన్‌వే మీద తేలుతూ పోతుంది. అప్పుడు ఓపిక పట్టలేక ముక్కు కిందికి నొక్కుతారు. ముందు చక్రం ముందు తగులుతుంది, విమానం ఎగిరిపడుతుంది, మళ్లీ నొక్కుతారు, మళ్లీ ఎగిరిపడుతుంది. మూడో దెబ్బకు ప్రొపెల్లర్ నేలకు తగలొచ్చు.

దీనికి మందు రెండు చోట్ల ఉంది. ఒకటి చూపు. నేలకు దగ్గరయ్యేటప్పుడు ముక్కు ముందున్న నేలను చూస్తుంటే అది వేగంగా పరుగెత్తి ఎత్తు అంచనా పోతుంది. చూపు రన్‌వే చివరికి తీసుకెళ్లండి, అంచులు రెండు వైపులా పైకి లేస్తున్నట్టు అనిపించడం మొదలైనప్పుడు మెల్లగా ముక్కు ఎత్తడం. రెండోది గో-అరౌండ్, అంటే దిగడం మానుకుని మళ్లీ పైకి వెళ్లడం. ఎగిరిపడితే సరిచేయాలని చూడకండి. పూర్తి పవర్, ముక్కు నిలకడగా, వేగం వచ్చాక ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దించే పలకలు) అంచెలంచెలుగా పైకి. మళ్లీ రండి. గో-అరౌండ్ చేశాడని ఏ ఇన్‌స్ట్రక్టరూ మార్కులు తగ్గించడు. పెద్ద విమానాల్లోనూ ఇదే నియమం. మేఘంలోంచి వస్తుంటే 1000 అడుగుల దగ్గరకు, బయట కనపడుతుంటే 500 అడుగుల దగ్గరకు వేగం, దిగే రేటు, ఫ్లాప్స్, గేరు (చక్రాలు) అన్నీ కుదురుకోవాలి. కుదరలేదా, గో-అరౌండ్. వాదన లేదు.

గంటల సంగతి. ఐకావో ప్రకారం కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు, 200 గంటలు. ఆమోదం పొందిన కోర్సులో అయితే 150. అమెరికాలో మామూలు దారిలో 250. ఆ 200లో 100 గంటలు మీరే పైలట్-ఇన్-కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మీదిగా, ఎగరాలి, అందులో 20 గంటలు క్రాస్‌కంట్రీ, అంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి ప్రయాణం. అందులోనూ ఒకటి కనీసం 540 కిలోమీటర్ల ప్రయాణం, దారిలో రెండు వేరు వేరు ఎయిరోడ్రోముల్లో దిగి పూర్తిగా ఆగాలి. ఈ 100 గంటలనే చాలామంది పాడుచేసుకుంటారు. తెలిసిన మైదానం చుట్టూ, తెలిసిన ఆకాశంలో తిరిగి గంటలు నింపేస్తారు. లాగ్‌బుక్, అంటే ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకం, నిండుతుంది, మనిషి నిండడు. ప్రతి ప్రయాణానికీ ఒక పని పెట్టుకోండి. చేరే సమయం ముందే రాసి మూడు నిమిషాల తేడాలో చేరగలరా? ఇంత ఇంధనం ఖర్చవుతుందని రాసి, దిగాక కొలిచి చూశారా? కొత్త ఎయిరోడ్రోముకు వెళ్లారా?

ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే బయట కనపడకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత, ఎందుకంత కష్టం అని అడుగుతారు. మన చెవిలోపలి బ్యాలెన్సు అవయవం నిలకడగా తిరుగుతున్న మలుపును కొన్ని సెకన్ల తర్వాత గుర్తించడం మానేస్తుంది. విమానం ఒక పక్కకు ఒరిగే ఉంటుంది, శరీరం నిటారుగా ఉన్నానంటుంది. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, పరికరాల మీద ఎగరడం నేర్చుకోని 20 మందికి బయట ఏమీ కనపడని పరిస్థితి కల్పించి చూశారు. 20 మందీ అదుపు తప్పారు. సగటున ఎంతసేపట్లో? 178 సెకన్లలో. మూడు నిమిషాలు కూడా లేదు. అందుకే ఈ రేటింగ్‌కు 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయం అడుగుతారు, అందులో కొంత సిమ్‌లో, అంటే నేలమీది సిమ్యులేటర్‌లో, చేయొచ్చు. నేర్చుకునేది శరీరం చెప్పేది పక్కన పెట్టి కళ్లు చెప్పేది నమ్మడం. కొత్తవాళ్ల తప్పు ఒకటే, ఒక్క డయల్‌కు అతుక్కుపోవడం. ఎత్తు సరిచేస్తూ ఉంటారు, ఈలోగా దిశ 20 డిగ్రీలు పోతుంది. చూపు యాటిట్యూడ్ ఇండికేటర్ (ముక్కు ఎత్తూ, రెక్కల ఒరుగూ చూపే పరికరం) నుంచి బయల్దేరి ఒక పరికరానికి వెళ్లి మళ్లీ అక్కడికే రావాలి. ప్రతిసారీ అక్కడికే.

రెండు ఇంజిన్ల విమానంలో ఒక ఇంజిన్ ఆగితే చేసే పనులు మీకు నేర్పుతారు. అందులో తొందర పనికిరాని చోటు ఒకటుంది. ఆగిన ఇంజిన్ ఏదో కాలు చెబుతుంది, రడ్డర్ (తోక చుక్కాని) పెడల్ మీద బలం పెట్టని కాలి వైపు ఇంజిన్ ఆగినట్టు. అక్కడితో సరిపెట్టుకోకూడదు. ఆ ఇంజిన్ థ్రాటిల్ మెల్లగా వెనక్కి లాగండి. ఏ మార్పూ లేకపోతే అదే ఆగింది. అప్పుడు మాత్రమే ఫెదర్, అంటే ఆ ప్రొపెల్లర్ రెక్కలను గాలికి అడ్డు తగ్గేలా తిప్పి పెట్టడం. 2015 ఫిబ్రవరిలో తైవాన్‌లోని తైపేలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్ విమానానికి ఒక ఇంజిన్ శక్తి కోల్పోతే, సిబ్బంది బాగున్న ఇంజిన్‌ను ఆపేశారు. 43 మంది పోయారు. రెండు సెకన్ల నిర్ధారణ ఎందుకో ఇప్పుడు చెప్పనక్కర్లేదు.

లైసెన్సు చేతికొచ్చింది. ఇప్పుడు ఎయిర్‌లైన్ పిలుస్తుందా? వెంటనే పిలవకపోవచ్చు. ఈ ఖాళీ కోసం ముందే డబ్బు పక్కన పెట్టండి, ఇది ఖర్చుల పట్టికలో ఎవరూ రాయని వరస. ఎందుకంటే ఈ ఖాళీలోనే మెడికల్ గడువు తీరుతుంది, రేటింగ్ గడువు తీరుతుంది, చేతి అలవాటు పోతుంది. కొందరు ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ తీసుకుని బోధిస్తారు. నా అభిప్రాయంలో అంతకంటే మంచి దారి లేదు. ఇంకొకరి తప్పును రోజుకు నాలుగుసార్లు చూసి సరిదిద్దేవాడికి విమానం బాగా అర్థమవుతుంది. అమెరికాలో 2013 నుంచి ఎయిర్‌లైన్ కో-పైలట్‌కు కూడా మామూలుగా 1500 గంటలు కావాలి కాబట్టి, అక్కడ చాలామంది బోధిస్తూనే ఆ గంటలు పూర్తి చేసుకుంటారు.

టైప్ రేటింగ్ ఉద్యోగం చేతికొచ్చాకే చేయండి. ఎయిర్‌బస్ ఎ320 రేటింగ్ సొంత డబ్బుతో చేసి కూర్చున్నారనుకోండి, పిలిచిన ఎయిర్‌లైన్ బోయింగ్ 737 నడుపుతుంటే? ఎ320 నడిపే ఎయిర్‌లైనే పిలిచినా, మీరు నెలల తరబడి ఆ సీట్లో కూర్చోకపోతే మళ్లీ సిమ్‌కు డబ్బు కట్టాలి. ముందు ఆఫర్ లెటర్, తర్వాత రేటింగ్.

దానికి ముందు ఎంపికలో సిమ్ పరీక్ష ఉంటుంది. అక్కడ మీరు ఆ విమానాన్ని గొప్పగా నడపాలని ఎవరూ ఆశించరు. చూసేది మూడు. చెప్పింది వెంటనే సరిదిద్దుకుంటున్నారా, చేతులు నిండా పని ఉన్నా తల లెక్కలు చేయగలుగుతున్నారా, పక్కవాడిని కలుపుకుంటున్నారా. తల లెక్కలు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. 35 వేల అడుగుల నుంచి 5 వేలకు దిగాలి. తేడా 30 వేలు, మూడుతో గుణిస్తే 90. అంటే 90 నాటికల్ మైళ్ల ముందు దిగడం మొదలుపెట్టాలి. మూడు డిగ్రీల వాలులో దిగే రేటు? నేలమీది వేగాన్ని ఐదుతో గుణించండి. 140 నాట్లయితే నిమిషానికి 700 అడుగులు. నడుస్తూ, బస్సులో కూర్చుని సాధన చేయండి.

పక్కవాడిని కలుపుకోవడం అన్నాను కదా. 1978 డిసెంబరులో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173 విమానం ల్యాండింగ్ గేరు సందేహంతో దాదాపు గంటసేపు తిరిగి, ఇంధనం అయిపోయి పడిపోయింది. 10 మంది పోయారు. ఇంధనం తగ్గుతోందని తెలిసినవాళ్లు కాక్‌పిట్‌లోనే ఉన్నారు. కెప్టెన్ చెవికి ఎక్కేలా గట్టిగా చెప్పలేకపోయారు. అందుకే మల్టీ-క్రూ కోర్సులో, అంటే ఒకరికంటే ఎక్కువమంది పైలట్లు కలిసి పనిచేయడం నేర్పే కోర్సులో, "సార్, కొంచెం తక్కువగా ఉన్నట్టుంది" అనడం మాన్పిస్తారు. ఇంధనం ఎంత ఉంది, ఎన్ని నిమిషాలకు సరిపోతుంది, ఏం చేద్దాం. మూడూ చెప్పాలి, వినకపోతే మళ్లీ చెప్పాలి. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకుండా పెరిగిన పిల్లలకు ఇది నిజంగా కష్టం. సాధన చేస్తే వస్తుంది.

లాగ్‌బుక్ గురించి అడిగారు, ఎవరో చీటీ పంపారు. విమానం టేకాఫ్ కోసం మొదట కదిలిన క్షణం నుంచి చివరికి ఆగేదాకా అయ్యేదే ఫ్లైట్ సమయం. చక్రాలు గాల్లో ఉన్న సమయం ఒక్కటే కాదు. అదే రోజు రాయండి. తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన సంతకం, తెల్లరంగు పూయొద్దు. డ్యుయల్ గంటను (ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరినదాన్ని) కమాండ్ గంటగా ఎప్పుడూ రాయొద్దు. స్కూలు రికార్డులూ, విమానం టెక్నికల్ లాగ్ పక్కపక్కన పెట్టి చూస్తారు, ఒక్క పేజీ కుదరకపోయినా మిగతా పేజీలన్నిటినీ అనుమానిస్తారు. నెలకోసారి ప్రతి పేజీ ఫొటో తీసి దాచుకోండి.

చివరి ప్రశ్న, ఉద్యోగం వచ్చాక నిశ్చింతేనా అని. లేదమ్మా. 1500 గంటలు, 21 ఏళ్లు నిండాక ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు, దాని తర్వాతే కెప్టెన్ సంగతి. ఏడాదికి రెండుసార్లు సామర్థ్య పరీక్ష, దాదాపు ఎప్పుడూ సిమ్‌లోనే. మెడికల్ ఏడాదికోసారి, 60 దాటాక ఆరు నెలలకోసారి. ఇద్దరు పైలట్ల విమానంలో, అంతర్జాతీయ రవాణాలో 65 దాకా నడపొచ్చు. ఈ మధ్యలో ఎప్పుడైనా మెడికల్ పోతే జీతం ఆగుతుంది. అందుకని మొదటి జీతం అందిన నెలలోనే లాస్-ఆఫ్-లైసెన్స్ బీమా తీసుకోండి. ముందే ఉన్న జబ్బులకు వర్తిస్తుందా, తాత్కాలికంగా ఆగిన నెలలకు ఇస్తారా, ఎన్ని రోజులు ఆగాక మొదలవుతుంది, ఈ మూడూ చదివాకే సంతకం పెట్టండి.